ఖాళీగా తిరిగిరాని గిన్నెలు

నమోదు 207, సోమవారం

కొట్టు తెరిచాను. కుళాయిలు తుడిచాను. బియ్యం కుళాయి ఆరోగ్యంగా ఉంది. కందిపప్పు కుళాయి ఆరోగ్యంగా ఉంది. నూనె కుళాయికి మాత్రం ఎప్పటిలాగే జలుబు. కింద చిన్న గిన్నె పెట్టాను.

ఈ దినచర్యలో అభిప్రాయాలు, అలంకారాలు, హాస్యం నిషిద్ధమని నగర తూకపు శాఖ వారు మొదటి పేజీలోనే అచ్చు వేయించారు. నేను ఆహార వ్యర్థాల శాస్త్రంలో ఎమ్మెస్సీ చదివినదాన్ని, నిషేధాలంటే నాకు గౌరవం. కాబట్టి కింద ఉన్నదంతా గంభీరమైన వాస్తవమని మనవి. ఎక్కడైనా నవ్వొస్తే అది చదివేవారి వ్యక్తిగత బాధ్యత.

తెల్లవారేసరికి వరసలో జనం. ముందు తడి డబ్బా, తర్వాతే గిన్నె, మా కొండవాడ పావురాళ్ల గట్టు మీద అదీ పద్ధతి. నిన్న ఇంట్లో ఎంత పారేశారో ఆ డబ్బా తూకమ్మకి చూపిస్తేగానీ ఇవాళ కుళాయి తిరగదు. తూకమ్మ అంటే కొట్టు నడిపే యంత్రం. అసలు పేరు స్వయంచాలిత సమతుల వితరణ వ్యవస్థ. ఆ పేరు పలికేలోపు పప్పు మాడిపోతోందని గట్టు ఆడవాళ్ళు తూకమ్మ అని మార్చారు. పేరు మారినా ఆవిడ భాష మారలేదు, రేడియోలో వార్తలు చదివినట్టే మాట్లాడుతుంది.

"విహాన్ గారి గృహం. వ్యర్థం: ఒక అరటి తొక్క. అభినందనలు."

"అదీ తినేద్దామనుకున్నాను తూకమ్మా. నీకు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలిగా అని ఆగాను" అన్నాడు విహాన్ బాబాయి. మెట్ల పక్కన పైకీ కిందికీ తిరిగే ట్రాలీ నడుపుతాడాయన. పెళ్ళి చేసుకోలేదు, అన్నం వార్చడం మించి వంట నేర్చుకోలేదు. రెండింటికీ ఒకటే కారణం చెబుతాడు, తీరిక దొరకలేదని.

బాబాయి కుళాయి కింద గిన్నె పెట్టాడు. తూకమ్మ గిన్నె మీద చెక్కిన పేరు చదువుకుంది, గిన్నె బరువు తీసేసింది, ఆ పేరున్న ఇంటి ఖాతాలో రాసుకుని బియ్యం ధారగా పోసింది. కవరు లేదు, పొట్లం లేదు. కవరు అనేదాన్ని నేను మ్యూజియంలోనే చూశాను. గాజు పెట్టెలో, పైన లైటు వేసి, ఎవరో మహారాజుగారి కత్తి పక్కన పెట్టారు.

గట్టు మొత్తం మీద పారేసేది తక్కువైతే గట్టు మొత్తానికీ పచ్చ ధర. ఇదే బియ్యం కొండ కింద రోడ్డు మీద అద్దాల బీరువాలో కూడా దొరుకుతుంది, అట్టపెట్టెలో, మూడింతల ధరకి. దాని ముందు నుంచి నడిచేటప్పుడు మేం దానివంక చూడం. అది కూడా మావంక చూడదు.

ఫిర్యాదుల గడి: ఏమీ లేవు. గడి ఖాళీగా వదిలితే బాగుండదు కాబట్టి కృతజ్ఞత రాస్తున్నాను. నూనె కుళాయి జలుబుకి వందనాలు. ఆ చుక్కలు వ్యర్థం కాకుండా శాస్త్రీయంగా అడ్డుకున్నాను, ఆమ్లెట్ రూపంలో.

నమోదు 208, మంగళవారం

ఇవాళ తూకమ్మ ఆందోళన చెందింది. కుళాయిల పైన ఎప్పుడూ పచ్చగా వెలిగే దీపం పసుపురంగుకి తిరిగింది.

"జోషిత గారి గృహం. సభ్యులు: ఒక్కరు. గత వారం స్వీకరించిన ఆహారం ఇరవై మందికి సరిపోవును. వ్యర్థం: శూన్యం. జోషిత గారూ, మీ ఆరోగ్యం గురించి మాకు ఆందోళనగా ఉన్నది."

జోషిత మామ్మది గట్టు మీద చిట్టచివరి ఇల్లు. ఆ తరం పేర్లే అంత, జోషిత, లాస్య, హన్సిక, పలకాలంటే నోరు తిరగదు. మా తరం పేర్లు నాజూకు: నేను పేరిందేవి, నా స్నేహితురాలు సూరమ్మ. మామ్మ మనిషి ఎండిన మునక్కాయలా ఉంటుంది. వంటలో మాత్రం గట్టు మీద ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు. ఆ ఇంట్లో పోపు వేస్తే కింద మెట్ల దగ్గర తగాదాలు ఆగిపోతాయి.

"ఏంటే పేరిందీ, ఏమంటుందది?"

"మీరు ఇరవై మంది తిండి తింటున్నారంట మామ్మా."

"నేనా! పొద్దున ఇంత ముద్ద, సాయంత్రం ఇన్ని మజ్జిగ. దానికి ముందు కళ్ళజోడు పెట్టించు."

"ప్రతిదినం కొంత దూరం నడవవలసిందిగా సూచన" అంది తూకమ్మ.

"ఈ మెట్లెక్కి దిగి చస్తన్నా, చాలదా తల్లీ? నువ్వోసారి ఎక్కి చూడు, నట్లు ఊడి చేతికొస్తాయి."

వరసంతా నవ్వింది. తూకమ్మ ఆగలేదు. "విహాన్ గారి గృహం ఆరు మాసములుగా ఏమియు స్వీకరించలేదు. వారి కుటుంబమునకు సంతాపం తెలియజేయవలెనా?"

బాబాయి తన బొజ్జ నిమురుకున్నాడు. "తెలియజెయ్యమ్మా. పోయినోడికి పెసరట్లంటే ఇష్టమని కూడా చెప్పు."

నేనూ నవ్వి, యంత్రానికి ఎండదెబ్బ తగిలిందని రాసుకున్నాను. కారణం తెలియనప్పుడు వాతావరణం మీదికి తోసేయడం ఎమ్మెస్సీ రెండో సంవత్సరంలో నేర్పుతారు.

నమోదు 210, గురువారం

నవ్వు ఆగిపోయింది.

పొద్దున్నే మామ్మ గిన్నె పెడితే దీపం ఎర్రగా వెలిగింది. కుళాయి తిరగలేదు.

"జోషిత గారి గృహం. ఆహారం బయటి వ్యక్తులకు విక్రయిస్తున్నారని అనుమానం. కుళాయి నిలిపివేయబడినది. శనివారం ఉదయం అధికారి తనిఖీకి వచ్చును. అనుమానం రుజువైనచో జోషిత గారి పేరు తొలగించబడును. గట్టునకు పచ్చ ధర రద్దు. కుళాయిల స్థానంలో అద్దాల బీరువా అమర్చబడును."

మామ్మ ఖాళీ గిన్నె పట్టుకుని పక్కకి జరిగింది. వెనక బాబాయి గిన్నె పెట్టాడు. ఎర్ర దీపం. "జోషిత గారి గృహం. నిలిపివేయబడినది." ఆయన వెనకావిడ పెట్టింది. ఎర్ర దీపం. "జోషిత గారి గృహం." ఆ వెనక పెట్టిన గిన్నెకీ అదే మాట.

వరసలో ఉన్న గిన్నెలన్నీ తిప్పి చూశాను. ఎక్కువ వాటి మీద ఒకటే పేరు.

"బాబాయ్, ఇది మామ్మ గిన్నెనా?"

"మామ్మదే. పనసపొట్టు కూర పంపింది."

"ఎప్పుడు?"

"నువ్వు ఇంటర్లో ఉన్నప్పుడు."

"మరి ఇన్నాళ్ళూ తిరిగివ్వలేదేం?"

బాబాయి నావంక జాలిగా చూశాడు. "ఖాళీగానా?"

అంతే సంగతి. నేను ఇక్కడే పుట్టి పెరిగాను, నాకిది తెలియక కాదు. పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వడమంటే మా గట్టు మీద మొహం మీద తలుపు వేయడంతో సమానం. ఏదైనా మంచిది వండినప్పుడు అందులో పెట్టి ఇవ్వాలి. ఆ మంచిది వండేదాకా గిన్నె ఊరికే ఉండదు కదా, అందులోనే బియ్యం తెచ్చుకుంటాం. మామ్మ అందరికీ పంపుతుంది కాబట్టి మామ్మ గిన్నెలు అందరిళ్ళల్లో ఉన్నాయి. మామ్మకి తిరిగి పంపాలంటే మామ్మ మెచ్చేటంతగా వండాలి కాబట్టి అవి తిరిగి వెళ్ళవు. ఇదంతా గట్టు మీద పసిపిల్లలకి కూడా తెలుసు. తూకమ్మకి ఒక్కదానికే ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు చెప్పాను. "వివరణ నమోదైనది. యంత్రమునకు క్షమించు అధికారం లేదు. అధికారికి విన్నవించుకొనవలెను" అంది.

మధ్యాహ్నం మామ్మ ఇంటికి వెళ్ళాను. పొయ్యి వెలిగించలేదు. పక్కింటివాళ్ళు పంపిన అన్నం మూత పెట్టి అలాగే ఉంది.

"తినలేదేం మామ్మా?"

"తింటాలే. తిండికేంటే, ఈ గట్టు మీద ఎవరో ఒకరు పెడతారు. పెట్టడానికే నా దగ్గిరేం లేదు. ఏం వండను, ఎవరికి పంపను? ఊరికే కూచుని తినడానికా ఇన్నాళ్ళు బతికిందీ?"

ఆవిడ ఏడవలేదు. ఖాళీ మూకుడు తుడిచి గోడకి తగిలించింది. తుడవాల్సిన అవసరం లేదు, అది శుభ్రంగానే ఉంది.

కిందికి వచ్చాక నా పట్టా గుర్తొచ్చింది. సమస్యను విడగొట్టి చూడాలి. సమస్య: గిన్నెలు తప్పు ఇళ్ళల్లో ఉన్నాయి. పరిష్కారం: గిన్నెలు సరైన ఇళ్ళకి వెళ్ళాలి. బాబాయి ట్రాలీ మైకు తీసుకుని గట్టంతా వినబడేలా ప్రకటించాను. "రేపు సాయంత్రంలోపు ఎవరి గిన్నె వాళ్ళకి చేరాలి. అధికారి వచ్చేసరికి మామ్మ గిన్నెలన్నీ మామ్మ ఇంట్లో ఉండాలి. మామ్మ కుళాయి తిరగాలన్నా, మన పచ్చ ధర నిలవాలన్నా ఇదొక్కటే దారి."

అందరూ తలూపారు. నన్ను చూసి నాకే గర్వంగా అనిపించింది. ఈ వాక్యం అభిప్రాయం కిందికి వస్తే కొట్టివేయవచ్చు.

నమోదు 211, శుక్రవారం

గట్టు ప్రజలు నా ఆదేశాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. ప్రతి గిన్నె ఇంటికి చేరింది. ఒక్కటి కూడా ఖాళీగా చేరలేదు.

పొద్దుటి నుంచే అనుమానం రావాల్సింది. కుళాయిలకి ఊపిరాడలేదు. సొంత గిన్నె దొరికినవాళ్ళంతా వచ్చి పప్పూ బియ్యమూ పట్టుకెళ్ళారు. "ఈ దినం పండుగయా? నా పంచాంగంలో లేదు" అని తూకమ్మ రెండుసార్లు అడిగింది. పదకొండయ్యేసరికి గట్టంతా ఇంగువ వాసన. మధ్యాహ్నానికి మామ్మ వసారాలో అడుగు పెట్టే చోటు లేదు. పులిహోర, గుత్తివంకాయ, సేమియా పాయసం, మళ్ళీ పులిహోర, కోడికూర, ఇంకో పులిహోర. తరాలుగా ఆగిపోయిన మర్యాదలన్నీ ఒక్కరోజున తీర్చేశారు.

విహాన్ బాబాయి స్నానం చేసి, చొక్కా మార్చుకుని, రెండు చేతులతో గిన్నె పట్టుకుని వచ్చాడు. అన్నం కాకుండా జీవితంలో మొదటిసారి ఇంకొకటి వండాడు. ఉప్మా.

మామ్మ వేలితో తీసి నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది. "ఇసక ఎంత, సిమెంటు ఎంత కలిపావు నాయనా?"

"సరిపోయిందా మామ్మా?"

"గోడ కట్టడానికి సరిపోద్ది" అంటూనే ఇంకో ముద్ద తీసుకుంది. నిన్నటి నుంచి ఆవిడ నవ్వడం అదే మొదలు.

మామ్మ ఇంట్లోనూ ఊరివాళ్ళ గిన్నెలు బోలెడున్నాయి. అవీ తిరిగివ్వాలి, అవీ ఖాళీగా ఇవ్వకూడదు. కుళాయి లేదు కాబట్టి ఒకరి పులిహోర ఇంకొకరి గిన్నెలోకి సర్ది పంపింది. సాయంత్రానికి ప్రతి ఇంట్లోనూ సొంత గిన్నెలు, ప్రతి గిన్నె నిండా ఎవరిదో వంట, ప్రతి మనిషి కడుపూ అప్పటికే నిండుగా. మే నెల ఎండ. రేపు తెల్లవారేసరికి సగం పులిసిపోతుంది. అంతా తడి డబ్బాల్లోకి వెళ్తుంది. ఆ డబ్బాల ముందు అధికారి నిలబడతాడు.

ఆహారం పారేయకుండా చూడడమెలాగో ఐదేళ్ళు చదివాను. ఒక్క ప్రకటనతో ఈ గట్టు చరిత్రలోనే అతి పెద్ద వ్యర్థాన్ని వండించాను. శాఖ వారు పురస్కారం ఇవ్వదలిస్తే చిరునామా వారి దగ్గరే ఉంది.

మామ్మ పక్కన మెట్ల మీద కూలబడ్డాను. కింద రోడ్డు మీద అద్దాల బీరువా దీపాలు వెలిగాయి. దాని ముందు కొంతమంది నిలబడి ఉన్నారు. ఒకావిడ పెట్టె ఒకటి కొని, అక్కడే చించి, చుట్టూ ఉన్నవాళ్ళ కొంగుల్లో, దోసిళ్ళలో బియ్యం పంచుతోంది.

"ఎవరే ఆ జనం?"

"సముద్రం పక్క లంకల నుంచి వచ్చినవాళ్ళు మామ్మా. ఊళ్ళు మునిగాయి కదా. ఫ్లైఓవర్ కింద ఉంటున్నారు."

"మన కొట్టుకి రారేం? అంత డబ్బు పోసి ఆ అద్దాల పెట్టె దగ్గిర కొంటారేం?"

"పేరు చెక్కిన గిన్నె ఉంటేనే కుళాయి తిరుగుతుంది. పేరు చెక్కాలంటే ఇంటి నంబరు ఉండాలి. ఫ్లైఓవర్‌కి ఇంటి నంబరు లేదు."

మామ్మ ఒక నిమిషం ఆ దోసిళ్ళవంకే చూసింది. తర్వాత లేచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని కేక వేసింది.

"ఒరేయ్ విహానూ! ట్రాలీ దించరా! మిగతావాళ్ళకీ చెప్పండి, మీ ఇళ్ళల్లో ఉన్నయ్యన్నీ తెచ్చి ఇందులో పెట్టండి!"

ట్రాలీ చాలాసార్లు దిగింది. కింద వాళ్ళు మొదట దగ్గరికి రాలేదు. ఎవరో ఏదో అమ్ముతున్నారనుకున్నారు. మామ్మ గిన్నె మూత తీసి నేల మీద కూచుని తానే ముందొక ముద్ద తిని చూపించింది. ఆ పైన ఎవరూ ఆగలేదు. బాబాయి ఉప్మా కూడా అయిపోయింది. అయిపోయిందని ఆయన నాలుగుసార్లు చెప్పాడు.

ఇందాక బియ్యం పంచినావిడ పేరు నాంచారమ్మ. నా వయసే ఉంటుంది, ఇద్దరు పిల్లలు. గిన్నెలన్నీ కడిగించి వరసగా పెట్టించింది. నేను తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండండక్కా. ఖాళీయి ఎట్టా ఇస్తాం? మా వైపు అట్టా ఇవ్వం. రేపు పొద్దున్నే ఏదోటి పెట్టి మేమే తెచ్చిస్తాం."

నేను మామ్మ వైపు చూశాను. రేపు అధికారి వచ్చేసరికి మామ్మ ఇంట్లో మామ్మ పేరున్న గిన్నె ఒక్కటీ ఉండదు. కిందా మీదా పడి వాటిని ఇంటికి చేర్చింది ఇవాళే.

"పొద్దున్నే తేమ్మా" అంది మామ్మ.

నమోదు 212, శనివారం

అధికారి రామకోటయ్య గారు వచ్చారు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. ఇస్త్రీ చొక్కా, మెట్లెక్కిన చెమట, మొహంలో శాఖ గౌరవం.

ముందు తడి డబ్బాలు చూశారు. అరటి తొక్కలు, వంకాయ తొడిమలు. నిన్న అంత వంట జరిగినా పారేసింది ఇంతే. తూకమ్మ అభినందనలు చెప్పింది. తర్వాత ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు.

"జోషిత గారి గిన్నెలు చూపించండి."

"ఫ్లైఓవర్ కింద ఉన్నాయండీ" అన్నాను.

"అంటే బయటివాళ్ళకి అమ్మారన్నమాట."

"అమ్మానా?" అంది మామ్మ. కోపం రాలేదు, నిజంగానే అర్థం కానట్టు అడిగింది. పక్కింట్లో మిగిలిన కాస్త పాయసం, తన ఇంట్లో దొరికిన ఎవరిదో చిన్న గిన్నెలో తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "మెట్లెక్కి వచ్చావు, ముందు ఇది తాగు నాయనా. ఆనక రాసుకుందువుగాని కేసు."

"శాఖ ఉద్యోగి కానుకలు తీసుకోకూడదు అమ్మగారూ."

"కానుకేంటి? గిన్నె మళ్ళీ ఇచ్చెయ్యాలి."

ఆయన తటపటాయించి తాగారు. అంతలో మెట్ల మీద అలికిడైంది. నాంచారమ్మ, వెనక లంకల జనం, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో గిన్నె. ఒకదాంట్లో ఎండు రొయ్యల వేపుడు. ఒకదాంట్లో నాలుగు నిమ్మకాయలు. ఒక ముసలాయన తెచ్చిన దాంట్లో చిటికెడు పంచదార, అడుక్కి అంటుకుని ఉంది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు, ఒలికిపోతుందేమోనన్నంత జాగ్రత్తగా.

అధికారి అవన్నీ చూశారు. అయినా ఉద్యోగం ఉద్యోగమే. గొంతు సవరించుకుని నియమావళి కంఠస్థంగా చదివారు. "ఎవరి పాత్రలు వారి వద్దనే ఉండవలెను. ఏలయనగా, ఒకే పాత్రలలో వండుకొని భుజించువారు ఒక గృహముగా పరిగణింపబడుదురు. అర్థమైందా? గిన్నెలు కలిపేస్తే గృహమనే మాటకే అర్థం లేదు."

"ధన్యవాదాలు" అంది తూకమ్మ. అందరం ఉలిక్కిపడ్డాం. "ఆ నియమం నాకు ఇంతవరకు ఎవరూ వినిపించలేదు. నేను తలుపులు లెక్కపెడుతూ వచ్చితిని."

నేను కుళాయిల దగ్గరికి జరిగాను. "తూకమ్మా, గట్టు మొత్తం లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

"లేదు. తీసుకున్నది, తిన్నది, పారవేసినది, మొత్తము మీద ఎల్లప్పుడూ సరిపోయినది. ఇల్లిల్లుగా విడదీసినప్పుడు మాత్రమే ఎన్నడూ సరిపోలేదు. నియమం వర్తింపజేయుచున్నాను. పావురాళ్ల గట్టు, గృహములు: ఒకటి. ఆ గృహము ఇరవై మంది ఆహారం స్వీకరించుటలో వింత లేదు. అనుమానమునకు ఆధారం లేదు."

"ఆగాగు!" అన్నారు రామకోటయ్య గారు. "మరి వీళ్ళో? వీళ్ళు గట్టు మీదివాళ్ళు కాదుగా!"

"వారి చేతులలో ఆ గృహపు పాత్రలు ఉన్నవి. అందులో వారు నిన్న భుజించినారు. వారు ఆ గృహ సభ్యులు." దీపం ఒకసారి మిణుకుమంది. "మీ చేతిలో కూడా ఒకటి ఉన్నది, రామకోటయ్య గారూ. స్వాగతం."

ఆయన చేతిలోని గిన్నెవంక చూసుకున్నారు. కింద పెట్టేస్తే సరిపోతుంది. అందరం ఆ చేతివంకే చూస్తున్నాం. గిన్నె అడుగున ఇంకా ఒక సేమియా పోగు ఉంది. ఆయన దాన్ని వేలితో తీసి తిన్నారు.

"పైవాళ్ళు ఏమంటారో నాకు తెలీదు" అన్నారు నెమ్మదిగా. "నేను మాత్రం నియమం వర్తించిందనే రాస్తాను. నేను చదివిందేగా అది." తర్వాత గిన్నె మామ్మకి ఇవ్వబోయి, లోపలికి చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. సంచీలో పెట్టుకున్నారు. "ఇది వచ్చేవారం ఇస్తానండీ. మా అమ్మ సున్నుండలు బాగా చేస్తుంది."

దీపం పచ్చగా వెలిగింది. మామ్మ గిన్నె తీసుకెళ్ళి కందిపప్పు కుళాయి కింద పెట్టింది. పప్పు పడుతుంటే తల వంచుకుని నిలబడింది. కాసేపటికి గట్టు మీది నుంచి పోపు వాసన దిగింది. కింద మెట్ల దగ్గర ఎవరో ఎవరినో తిడుతూ మధ్యలో ఆపేశారు.

ఫిర్యాదుల గడి: చోటు చాలదు. తూకమ్మకి, రామకోటయ్య గారికి, ఉప్మాకి, చిటికెడు పంచదారకి, నా చేత ఆ తెలివితక్కువ ప్రకటన చేయించిన నా ఎమ్మెస్సీకి, అందరికీ దండాలు.

నమోదు 213, ఆదివారం

ఆదివారం కొట్టుకి సెలవు. అయినా తెరిచాను.

నాంచారమ్మ పిల్లలిద్దరితో వచ్చింది. చేతిలో జోషిత మామ్మ నిన్న పప్పు పోసి పంపిన గిన్నె, ఆవిడ పేరు చెక్కిన పెద్దది. వరసలో ఎవరూ లేకపోయినా చివర నిలబడినట్టే దూరంగా నిలబడింది.

"రండి" అన్నాను.

"ఎంత అడగొచ్చక్కా?"

"మీకు ఎంత కావాలో అంత."

గిన్నె కుళాయి కింద పెట్టింది. పచ్చ దీపం. బియ్యం పడడం మొదలైంది. చిన్నపిల్ల గిన్నెకి చెవి ఆనించి ఆ చప్పుడు వింది. పెద్దవాడు ధారలో వేలు పెట్టి తల్లి చేత మొట్టికాయ తిన్నాడు. నాంచారమ్మ అద్దాల బీరువా దగ్గర నిలబడ్డవాళ్ళలా కొంగు ముందుకి పట్టుకునే ఉంది, నిండేదాకా వదల్లేదు.

గిన్నె చంకన పెట్టుకుని వెళ్ళబోతూ ఆగింది. "మామ్మగారి గిన్నె ఎప్పటికి ఇవ్వమంటారు?"

"తొందరేముంది" అన్నాను. "ఇక్కడే ఉంటారుగా."